తగ్గింపులో వచ్చే ఐరోపా చేతి పనిముట్లు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

కుళాయిల పని, సైకిల్ మరమ్మతు, అప్పుడప్పుడు చెక్క సామాను బిగించుకోవడం మీరే చేసుకుంటున్నామని రాశారు. జర్మనీ, స్విట్జర్లాండ్ కంపెనీల పనిముట్లు ఇప్పుడు మామూలు ధరకంటే మూడోవంతు తక్కువకు వస్తున్నాయి కాబట్టి ఒక పెద్ద సెట్టు మొత్తం కొనేయవచ్చా అని అడిగారు. పదిహేడేళ్లుగా యంత్రాల మరమ్మతు నా జీవనాధారం, నా పెట్టెలో ఉన్న ప్రతి పనిముట్టూ నా సొంత డబ్బుతో కొన్నదే. ఆ అనుభవంతో చెబుతున్నాను: కొనదగినవే, అయితే అన్నీ కాదు, సెట్టుగా మాత్రం అసలు వద్దు. పనిముట్టు నట్టునో, స్క్రూనో, తీగనో ముట్టుకునే చోట వెంట్రుకవాసి తేడాకే పని చెడిపోయే రకాలు కొన్ని ఉంటాయి. డబ్బు వాటికి పెట్టండి. మిగిలినవి ఎంత తగ్గింపులో వచ్చినా మీకు ఖర్చే అవుతాయి.

ఈ సంగతి నాకు మొదట తెలిసింది ఒక అలెన్ కీ వల్ల, అంటే బోల్టు తలలోని ఆరు పలకల గుంతలో పెట్టి తిప్పే కడ్డీ వల్ల. పనిలో చేరిన తొలి రెండేళ్లూ చవకగా దొరికిన సెట్టుతోనే నెట్టుకొచ్చాను. ఒకరోజు గేర్‌బాక్సు మూతకున్న ఆరు బోల్టులు విప్పవలసి వచ్చింది. అన్నీ కాడ మందం 6 మిల్లీమీటర్లున్న బోల్టులు, అంటే తలలోని గుంతకు 5 మిల్లీమీటర్ల కీ పట్టేవి. నాలుగు తేలికగా వచ్చాయి, ఐదోది కదలలేదు. కీని లోపలికంటా నొక్కి పట్టి బలంగా తిప్పేసరికి బోల్టు తిరిగినట్టే అనిపించింది, కానీ ఆ కదలికలో ఉండవలసిన బిగువు లేదు, మైనంలో తిరిగినట్టు మెత్తగా ఉంది. బయటికి తీసి చూస్తే కీ అంచులు ఆరూ మొద్దుబారిపోయి ఉన్నాయి, బోల్టు తలలోని ఆరు పలకల గుంత దాదాపు గుండ్రంగా మారిపోయింది. ఆ తలను డ్రిల్లుతో తొలిచి, మూత ఎత్తి, మిగిలిన కాడను ప్లయర్స్‌తో పట్టి తిప్పి తీసేసరికి పూట గడిచిపోయింది. తర్వాత ఆ కీని అరగని వైపున వెర్నియర్ అనే సూక్ష్మ కొలత పనిముట్టుతో కొలిస్తే 5 మిల్లీమీటర్లు ఉండవలసినది 4.85 కూడా లేదు. కంటికి ఆనని ఆ తేడా వల్లనే కీకీ గుంతకూ మధ్య ఖాళీ ఏర్పడి, బలమంతా మూలల చివరల మీద పడింది.

ఆ తర్వాత వేరా కంపెనీవారి హెక్స్ ప్లస్ కీలు తగ్గింపులోనే కొన్నాను. మామూలు కీ తన ఆరు మూలల చివరలతో గుంత గోడలను ఒత్తుతుంది. ఈ కీలలో మూల చివర కాకుండా దాని పక్కనున్న కాస్త వెడల్పైన భాగం గోడకు ఆనేలా ముఖాలను చెక్కుతారు, అందువల్ల ఒత్తిడి సన్నని గీత మీద కాక ఒక పట్టీ మీద పరుచుకుంటుంది. వాటితో ఇంతవరకు ఒక్క బోల్టు తల కూడా చెడగొట్టలేదు. కాబట్టి సైకిల్ పని చేసేవారికి నేను చెప్పే మొదటి కొనుగోలు ఎప్పుడూ మంచి అలెన్ కీలే. సైకిల్ మీద బిగించే చోట్లలో ఎక్కువ భాగం 4, 5, 6 మిల్లీమీటర్ల కీలతోనే తెరుచుకుంటాయి. అక్కడ ఒక తల పాడైతే పోయేది బోల్టు ఒక్కటే కాదు, అది కూర్చున్న అల్యూమినియం భాగానికి కూడా చేటు కలగవచ్చు.

రెండోది జర్మన్ కంపెనీ క్నిపెక్స్ వారి ప్లయర్ రెంచ్, 250 మిల్లీమీటర్ల పొడవుది. దీని ధర చూసి మూడేళ్లు వెనుకాడాను, చివరికి ఒక తగ్గింపు సమయంలో తీసుకున్నాను. నా పెట్టెలో ఏ ఒక్కదాన్నైనా ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. మామూలు ప్లయర్స్ దవడలు కత్తెరలాగా కోణంలో తెరుచుకుంటాయి, దీని దవడలు ఎంత తెరిచినా ఒకదానికొకటి సమాంతరంగానే ఉంటాయి, పైగా వాటికి పళ్లు ఉండవు. సింకు కింద మెరుగుపూత ఉన్న ఒక పెద్ద నట్టు విప్పిన మొదటిరోజు నాకింకా గుర్తుంది. బొత్తాం నొక్కి దవడను నట్టు వెడల్పుకు జరిపాను, పిడులను దగ్గరికి నొక్కగానే రెండు దవడలూ నట్టు పలకలకు అతికినట్టు ఆనుకున్నాయి. పిడుల మీద మనం వేసే బలం దవడల దగ్గర పది రెట్లకు పైగా అవుతుంది, అందుచేత మధ్యలో కాగితం పట్టేంత సందు కూడా మిగలదు. పిడులు కాస్త వదిలి వెనక్కి తిప్పి మళ్లీ నొక్కితే రాట్చెట్ లాగా, అంటే ఒకవైపే బిగువు పట్టి రెండోవైపు ఊరికే తిరిగే పిడిలాగా పని చేస్తుంది, నట్టు మీద నుంచి తీయనక్కర లేదు. నట్టు బయటికి వచ్చాక టార్చి వేసి చూశాను, పూత మీద ఒక్క గీత కూడా లేదు. అంతకుముందు ఇలాంటి నట్లకు గుడ్డ చుట్టి పళ్ల ప్లయర్స్‌తో తిప్పేవాణ్ని, గుడ్డ చిరిగి నట్టు అంచులు లేచిపోయేవి. కుళాయిల పని చేస్తారు కాబట్టి మీకు ఇది రెండు మూడు స్పానర్ల పని చేసిపెడుతుంది.

అయితే గుండ్రని గొట్టానికి ఇది పనికిరాదు. దానికి అదే కంపెనీవారి కోబ్రా అనే వాటర్ పంప్ ప్లయర్ ఉంది, దాని పళ్లు తిరిగే దిశకు ఎదురుగా ఉండి గొట్టాన్ని తమంతట తామే బిగించి పట్టుకుంటాయి. తగ్గింపులో కొనేటప్పుడు ఇక్కడ ఒక చిన్న విషయం ఉపయోగపడుతుంది. 87 01 250 అనే నంబరున్నదీ, 87 02 250 అనే నంబరున్నదీ తల విషయంలో ఒకటే. మొదటిదాని పిడులకు పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది, రెండోదానికి మందమైన, మెత్తని పిడి ఉంటుంది. తక్కువ ధర ఉన్నదే తీసుకోండి. నాకైతే పలుచని పిడే ఇష్టం, ఇరుకులో దూరుతుంది, నూనె అంటినా ఒక తుడుపుతో పోతుంది.

ఆ ప్లాస్టిక్ పూతను చూసి కరెంటు పనికి పనికొస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోవద్దు. అది చేతికి పట్టు కోసమే. విద్యుత్ రక్షణ ఉన్న పనిముట్టు మీద రెండు త్రికోణాల గుర్తూ, 1000 వోల్టులు అనే అంకె, ఐఈసీ 60900 ప్రమాణం పేరూ ఉంటాయి. అలాంటి ప్రతి పనిముట్టునూ 10,000 వోల్టుల దగ్గర పరీక్షించి బయటికి పంపుతారు. ఈ ఒక్క రకంలో తగ్గింపు చూసి ఊరూ పేరూ తెలియని అమ్మకందారు దగ్గర కొనకండి, అది ప్రాణంతో ముడిపడినది. అది చేతిలో ఉన్నా, కరెంటు ఆపివేసిన తర్వాతే పని చేయడం సరైన పద్ధతి.

తీగలు కత్తిరించే కట్టర్ల విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. మంచి జర్మన్ కట్టర్ కొన్న ఆరో నెలలో దానితో స్ప్రింగు తీగను కత్తిరించాను. టక్కుమన్న చప్పుడుతో తీగ తెగింది, వెలుతురుకు పెట్టి చూస్తే అంచులో బియ్యపు గింజ కొనంత నొక్కు పడి ఉంది. హామీ కింద మార్చి ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు, వారు చేసింది న్యాయమే. ఏ కట్టర్ ఏ తీగకు, ఎంత మందం వరకు అనేది కంపెనీ వివరాల పట్టికలో మెత్తని తీగ, మధ్యరకం, గట్టి తీగ, పియానో తీగ అని విడివిడిగా ఇస్తారు. నేను కొన్నదానికి పియానో తీగ వరుసే లేదు, దాన్ని చూడకుండా కొన్నాను. జీవితకాల హామీ అంటే తయారీలో లోపం ఉంటే మారుస్తామని అర్థం, అరుగుదలకూ, పనికి మించి వాడిన దానికీ అది వర్తించదు.

స్క్రూడ్రైవర్ల దగ్గర ఐరోపా సరుకుకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. అక్కడ పోజిడ్రైవ్ అనే ప్లస్ ఆకారపు స్క్రూ వాడకం ఎక్కువ. చూడటానికి మామూలు ప్లస్ స్క్రూ అయిన ఫిలిప్స్ లాగానే ఉంటుంది, కానీ ప్లస్ గుర్తు చేతుల మధ్య నాలుగు సన్నని గీతలు కనిపిస్తాయి. ఫిలిప్స్ మొన అంచులు ఏటవాలుగా ఉంటాయి, పోజిడ్రైవ్ అంచులు దాదాపు నిటారుగా ఉంటాయి. ఒకదాన్ని మరొకదానిలో పెట్టి తిప్పితే స్క్రూ తల చితికిపోతుంది, నింద మాత్రం పనిముట్టు మీదకు పోతుంది. చెక్క సామాను బిగించుకుంటామన్నారు కాబట్టి మీకు రెండూ కావాలి, ఎందుకంటే విడిభాగాలుగా వచ్చే చెక్క సామానులో పోజిడ్రైవ్ స్క్రూలు తరచుగా ఉంటాయి. రెండు రకాలలోనూ 1, 2 సైజులు చాలు, మొత్తం నాలుగు. వీహా, వేరా, పీబీ స్విస్ టూల్స్ మూడూ నేను వాడాను. మొన సరిగా కూర్చోవడంలో తేడా చెప్పలేను కానీ, పిడి మీ చేతికి ఎలా అమరుతుందో మీరే పట్టి చూడాలి. పీబీ స్విస్ వారు ప్రతి పనిముట్టు మీదా విడిగా ఒక వరుస నంబరు చెక్కుతారు, వారి శ్రద్ధకు అది గుర్తు. 1878 నుంచి ఉన్న ఆ సంస్థ పనితనమంటే నాకెంతో గౌరవం.

ఇక సెట్టు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. నేనొకసారి పెద్ద స్పానర్ల సెట్టు కొన్నాను. ఏడాది తర్వాత చూస్తే 8, 10, 13, 17 మిల్లీమీటర్లవి మాత్రమే వాడకంలో మెరుగెక్కి ఉన్నాయి, మిగిలినవాటి మీద పెట్టెలోంచి తీసిన మెరుపు అలాగే ఉంది. కారణం లేకపోలేదు. 6 మిల్లీమీటర్ల బోల్టు తలకు 10, 8 మిల్లీమీటర్ల బోల్టు తలకు 13 స్పానర్లు పడతాయి. 10 మిల్లీమీటర్ల బోల్టుకు పాత జర్మన్ ప్రమాణం ప్రకారం 17, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 16 పడుతుంది. రోజూ చేతికి వచ్చే ఆ నాలుగైదు సైజులను విడివిడిగా మంచి కంపెనీవి తీసుకుని, మిగతావి మధ్యరకంవి పెట్టుకుంటే, సెట్టు ధరలో సగానికే మెరుగైన పెట్టె తయారవుతుంది. సుత్తి, కొలత టేపు, హాక్సా ఫ్రేము వంటివి ఏ నాణ్యమైన సాధారణ కంపెనీవైనా సరిపోతాయి. హాక్సాలో పని చేసేది బ్లేడు, మంచిది వెతకవలసింది అక్కడ.

తగ్గింపు నిజమా కాదా అని అనుమానించేవారికి ఒక మాట. ఈ పనిముట్ల నమూనాలు ఏటేటా మారిపోవు. పాత ప్యాకింగు, ఆపేసిన పిడి రంగు, కొత్త నమూనా రాక వంటి కారణాలతో ధర తగ్గితే నష్టపోయేదేమీ లేదు. అయితే కంపెనీ ఐరోపాది అయినంతమాత్రాన ప్రతి వస్తువూ అక్కడే తయారైనదని అనుకోకూడదు. క్నిపెక్స్, వేరా, స్టాల్‌విల్లె మూడూ జర్మనీలోని వుప్పర్‌టాల్ నగరానివి, హాజెట్, గెడోర్ పక్కనున్న రెమ్‌షైడ్ నగరానివి. ఏటి నీటితో సమ్మెటలు నడిపిన కాలం నుంచి ఇనుప పని సాగుతున్న ప్రాంతం అది. అయినా వేరా స్క్రూడ్రైవర్లు చెక్ దేశంలో, రాట్చెట్లు తైవాన్‌లో తయారవుతాయి. ఆ రాట్చెట్ నేను వాడుతున్నాను, పనితనంలో లోటు లేదు. తయారీ దేశం పేరుకే డబ్బు పెట్టదలచినవారు మాత్రం వస్తువు మీద చెక్కినది చూసి కొనాలి.

భయపడవలసింది నకిలీలకు. ఒకసారి నమ్మశక్యం కాని ధరకు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర పేరున్న కంపెనీ ప్లయర్స్ తెప్పించాను. పెట్టె అచ్చు ఒకటే. చేతిలోకి తీసుకున్నాక దవడలు మూసి కిటికీ వైపు ఎత్తి చూస్తే కోసే అంచుల మధ్య నుంచి సన్నని వెలుగు గీత కనిపించింది, పిడి మీది పేరు బొటనవేలితో గట్టిగా రుద్దితే చెరిగిపోయింది. నా పాత అసలు ప్లయర్స్ పక్కన పెట్టి చూస్తే ఇరుసు రివెట్టు ఉబ్బెత్తుగా, వంకరగా ఉంది. వెనక్కి తీసుకునే గడువు అప్పటికే దాటిపోవడంతో డబ్బు పోయింది. అప్పటినుంచి కంపెనీ తన వెబ్‌సైటులో గుర్తించిన అమ్మకందారుల దగ్గర తప్ప కొనడం లేదు.

టార్క్ రెంచ్ గురించి, అంటే బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచ్ గురించి కూడా అడిగారు. కొలిచే పనిముట్టు కాబట్టి దాన్ని కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) ధ్రువపత్రంతోనే కొనండి. 5,000 బిగింపులకో, ఏడాదికో ఒకసారి సరిచూడటం పద్ధతి. గోదాములో ఏళ్లుగా పడి ఉన్నది చవకగా వచ్చినా సరిచూసే ఖర్చు కలిపి లెక్క వేసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు సైకిల్ హ్యాండిల్ బిగించడానికే అయితే ఇప్పుడే తొందర లేదు.

మీ పనుల జాబితా ప్రకారం ఈ తగ్గింపులో నేనైతే అలెన్ కీలు, 250 ప్లయర్ రెంచ్, నాలుగు స్క్రూడ్రైవర్లు తీసుకుంటాను. డబ్బు మిగిలితే కోబ్రా. రోజువారీ సైజుల స్పానర్లను ఒక్కొక్కటిగా తర్వాత చేర్చుకోవచ్చు. పార్సిల్ వచ్చిన రోజే తెరిచి, కోసే అంచులు ఉంటే వెలుతురుకు పెట్టి, దవడల మధ్య ఒక పలుచని కాగితం ఉంచి కత్తిరించి చూడండి. చివర నుంచి మొదలు వరకు శుభ్రంగా తెగకపోతే వెనక్కి పంపేయండి. రసీదును ఫోటో తీసి దాచుకోండి, హామీ అడిగిన రోజున మొదట చూపమనేది అదే.