విలియమ్ నిబ్ ఎవరు? ఒక బాప్తిస్టు బోధకుడు బానిసల కోసం నిజంగా పోరాడాడా?

పోరాడాడు, కానీ మొదటి రోజు నుంచీ కాదు.

మాది ఒంగోలు వైపు బాప్తిస్టు కుటుంబం. చిన్నప్పుడు మన దేశానికొచ్చిన బాప్తిస్టు బోధకులు కేరీ గురించి, క్లౌ దొరగారి గురించి విన్నాం గానీ నిబ్ పేరు ఎవరూ చెప్పలేదు. సండే స్కూల్ పిల్లలకు పాఠం కోసం వెతుకుతుంటే నాకు దొరికాడు.

1803లో ఇంగ్లండ్‌లోని కెటరింగ్‌లో పుట్టాడు. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న కరీబియన్ దీవి జమైకాలో మిషన్ బడి నడుపుతున్న అన్న చనిపోతే, ఆ పని అందుకోవడానికి 21 ఏళ్లకే ఓడెక్కాడు. అక్కడి రాజకీయాల జోలికి పోవద్దని మిషన్ వాళ్లు ముందే చెప్పి పంపారు. చెరకు తోటల్లో కొరడా దెబ్బలు కళ్లారా చూస్తూ ఆ మాటకు కట్టుబడి ఉండటం ఎంత నరకమో! మా వాడలో కూలి రేట్ల సంగతి ఎత్తితే ఒక పెద్దాయన "అవన్నీ చర్చిలోకి తేకండమ్మా" అన్నారు. నేను ఊరుకున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంది.

అతని మౌనాన్ని బద్దలు కొట్టింది బానిసలే. 1831 క్రిస్మస్ తర్వాత, కూలి ఇస్తేనే పనిలోకి వస్తామని జమైకాలోని మాంటెగో బే బాప్తిస్టు డీకన్ (సంఘ పరిచారకుడు) శామ్ షార్ప్ అందర్నీ కూడగట్టాడు, ఆయనా బానిసే. అది తిరుగుబాటుగా మారి తోటలు తగలబడ్డాయి, తెల్లవాళ్లు మూడు వందల మందికి పైగా బానిసలను చంపారు, 1832 మేలో షార్ప్‌ను ఉరి తీశారు. నిబ్‌ను అరెస్టు చేశారు, చర్చిలు కూల్చేశారు. అప్పుడు ఇంగ్లండ్ వెళ్లి, మిషన్‌తో సంబంధం తెగినా సరే అని బానిసల బాధలు ఊరూరా చెప్పాడు, పార్లమెంటు కమిటీల ముందు సాక్ష్యం ఇచ్చాడు.

1833లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. దాని ప్రకారం రెండు కోట్ల పౌండ్లు యజమానులకే, బానిసలకు పైసా లేదు, పైగా అప్రెంటిస్ (పని నేర్చుకునేవాడు) పేరుతో మళ్లీ అదే యజమానుల దగ్గర చాకిరీ! 1838 జులై 31 అర్ధరాత్రి పూర్తి విడుదల వచ్చినప్పుడు జమైకాలోని ఫాల్మౌత్‌లో నిబ్ సంఘం వాళ్లు గొలుసు, కొరడా, మెడకు వేసే ఇనుప పట్టీ ఒక శవపేటికలో పెట్టి పాతిపెట్టారు. ఇది చదివినప్పుడు ఏడ్చేశాను. తర్వాత భూమి కొని, విడుదలైన కుటుంబాలు సొంతంగా ఇళ్లు కట్టుకునేలా చేశాడు, అలా వెలిసిన ఒక ఊరి పేరు కూడా కెటరింగే. 1845లో జ్వరంతో అక్కడే పోయాడు, 42 ఏళ్లకి.

షార్ప్ ఇప్పుడు జమైకా జాతీయ వీరుడు. అందుకే నేను పిల్లలకు పాఠం షార్ప్‌తో మొదలుపెట్టి, నిబ్‌ను తర్వాత చెప్పాను.