ఎండుగడ్డి వేస్తే పాలు తగ్గుతాయా, మా అబ్బాయికి రాస్తున్నా

ఒరే అబ్బాయ్, పచ్చిమేత అయిపోయి నెల నుంచి వట్టి వరిగడ్డే వేస్తున్నావు, పూటకి ఆరు లీటర్లిచ్చే జెర్సీ ఆవు నాలుగుకి పడిపోయింది, దాణా ఇంకో రెండు కేజీలు పెంచుతానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యొద్దురా. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళే, పొట్ట నిండుద్ది గానీ పొదుగు నిండదు. అట్లని ఒక్కసారే దాణా గుమ్మరిస్తే కడుపు పులిసి మేతే మానేస్తది, పాలలో ఉన్న వెన్న కూడా పోద్ది.

అసలు ఎండుగడ్డి తప్పు కాదు. మొన్న వర్షాల్లో లేత పచ్చిగడ్డే మేపితే పాలలో ఫ్యాట్, అదే వెన్న, రావట్లేదని బాధపడ్డావు గుర్తుందా, అప్పుడు లేనిది ఈ పీచే. పీచు పొట్టలో పులిస్తేనే వెన్నకి ముడిసరుకు తయారవుద్ది. మధ్యాహ్నం ఆవు పడుకున్నప్పుడు పక్కన కూర్చుని చూడు, గొంతులోంచి ముద్ద పైకొస్తది, దాన్ని 50, 60 సార్లు నమిలి మింగుద్ది. అంతకంటే బాగా తక్కువ నమిలితే పీచు చాలట్లేదనుకో.

ఆ మాంసకృత్తుల లోటు తీరాలంటే ఇప్పుడు నువ్వు చేయాల్సింది యూరియా గడ్డి. 100 కేజీల వరిగడ్డికి 4 కేజీల యూరియా, 50, 60 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరగాలి, వరస వరసకీ చల్లి కాళ్ళతో గట్టిగా తొక్కి గాలి దూరకుండా పట్టా కప్పి 21 రోజులు వదిలెయ్. తీసినప్పుడు ఘాటు వాసన కళ్ళలోకి కొడుద్ది, గంటసేపు ఆరబెట్టి మొదట్లో కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యి. ఆరు నెలల్లోపు దూడలకి పెట్టొద్దు, యూరియా కలిపిన బకెట్ దగ్గరికి ఏ గొడ్డునీ రానీకు, తాగితే చచ్చిపోద్ది.

ఆ 21 రోజులూ గడపడానికి మినప కట్టె గానీ ఎండు పిల్లిపెసర గానీ దొరికితే వరిగడ్డిలో కలుపు, పప్పుజాతి మేత కాబట్టి బలం ఉంటది. మినరల్ మిక్చర్, అదే ఖనిజ లవణాల పొడి, రోజుకి 50 గ్రాములు మానకు, వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి పట్టకుండా పట్టేస్తాయి. ఎండుమేత తినే ఆవుకి నీళ్ళు తొట్లో ఎప్పుడూ ఉండాలి, పూటకోసారి బిందెతో పెడితే సరిపోదు.

ఇంకోటి, వామి అడుగు గడ్డి పీకి వాసన చూడు. నేను ఒక ఏడు తడిసి నల్లబడ్డ గడ్డి పారెయ్యబుద్ధి కాక వేశాను, మంచి చూడి ఆవు మూడు రోజులు మేత ముట్టలేదు, ఈనాక పాలు కూడా సరిగా చేపలేదు. బూజు పట్టింది పెంటకుప్పలో వేసెయ్.

వచ్చే వారం నేనే వస్తా, పట్టా కొని ఉంచు, గడ్డి ఇద్దరం కలిసి తొక్కుదాం.

మీ పెదనాన్న