పాత డెస్క్‌టాప్ పొద్దున్నే ఆన్ కాకపోతే మదర్‌బోర్డు మార్చేయాలా?

మీరు అడిగింది ఇది: పాత డెస్క్‌టాప్, పొద్దున ఏడెనిమిది సార్లు బటన్ నొక్కితే గానీ లేవడం లేదు, ఒకసారి లేచాక రోజంతా బాగానే నడుస్తోంది, షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మొత్తం సెట్ మార్చుకోండి అంటున్నారు, ఏం చేయాలి?

మార్చకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మీరు రాసిన లక్షణాలన్నీ పొల్లుపోకుండా నా కంప్యూటర్‌వే. నాకూ ఇదే మాట చెప్పారు. ఆ పోయిందన్న మదర్‌బోర్డు మీదే నిన్న కూడా రెండు గృహప్రవేశం కార్డులు కొట్టాను.

నాది నిర్మల్‌లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. ఆ సిస్టమ్ 2009లో కొన్నది. జీ31 బోర్డు, కోర్ టూ డ్యూయో, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. ఇంకా దాన్నే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నావని షాపుకొచ్చే ప్రతివాడూ అడుగుతాడు. ఎందుకంటే ఇన్నేళ్ల పెళ్లి కార్డులన్నీ అందులోనే ఉన్నాయి, అన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ 7 అనే పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో. అక్క పెళ్లి కార్డు నమూనాలోనే చెల్లె పెళ్లి కార్డు కావాలని వస్తారు జనం. ఆ ఫాంట్లు లేని కొత్త సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలిసిన పిచ్చి రాత కనిపిస్తుంది. యూనికోడ్‌కి (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతికి) మారండి అని సలహా ఇచ్చేవాళ్లకి ఒక్కటే చెప్తాను, పేజ్‌మేకర్ 2001 నాటిది, దానికి యూనికోడ్ అంటేనే తెలియదు, మా ప్రెస్ ఆయనకి పేజ్‌మేకర్ తప్ప ఇంకోటి తెలియదు. సరే, అది వేరే గొడవ.

ఈ ఆన్ కాని జబ్బు 2018 డిసెంబర్ నుంచి మొదలైంది. పొద్దున షట్టర్ ఎత్తి బటన్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయేది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. ఏడో సారో ఎనిమిదో సారో లేచేది. ఒకసారి లేచిందంటే రాత్రి తొమ్మిది దాకా ఏ గొడవా లేదు, మధ్యలో రీస్టార్ట్ చేసినా ఠక్కున వచ్చేది. మెకానిక్‌ని పిలిచాను. ఆయన మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. మూడింటికి వస్తే అది ఎందుకు మొరాయిస్తుంది, మొదటి నొక్కుకే లేచింది. అయినా ఆయన ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటు తీసుకుని లోపలి భాగాలన్నిటికీ పంచే పెట్టె) వైర్ల గుత్తి బోర్డు నుంచి పీకి, ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ ఒక తీగముక్కతో కలిపాడు, ఫ్యాన్ తిరిగింది. "ఎస్‌ఎంపీఎస్ మంచిగనే ఉందన్నా, మదర్‌బోర్డే పోయింది, దీనికిప్పుడు బోర్డులు దొరకయి, కొత్త సెట్ ఏస్కో, పద్నాలుగు వేలల్ల చేసిస్త" అన్నాడు. నమ్మాను కూడా. సంక్రాంతి అయ్యాక చూద్దాం అనుకున్నాను.

ఇక అసలు సంగతి. జనవరి మొదటి వారం. మా దగ్గర చలి ఎలా ఉంటుందో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, పది డిగ్రీల కిందికి పోతుంది. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు గానీ మాఘమాసం పెళ్లిళ్లకి కార్డులు కొట్టేది అప్పుడే. మామడ వైపు నుంచి ఒక పెద్దాయన, ఆడపిల్ల తండ్రి, మొదటి బస్సుకే దిగాడు. ఆరు వందల కార్డులు. ఆ పూట ప్రూఫ్ చూసి సరే అంటే మధ్యాహ్నానికి ప్రెస్‌కి పంపాలి, లేకపోతే ఆ ప్రెస్ ఆయన వారం దాకా దొరకడు. నేను బటన్ నొక్కుతున్నాను. ఏడు అయింది, ఎనిమిది అయింది, ఇరవై దాటింది. టిక్కుమంటుంది, ఆగుతుంది. ఆయన మంకీ టోపీ కూడా తీయకుండా స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. నాకు లోపల టెన్షన్, పైకి మాత్రం "అయిపోతది, ఒక్క నిమిషం" అంటున్నాను.

చివరికి ఆయనే అన్నాడు, "తమ్మీ, మా ట్రాక్టర్ గూడ చలికాలం గిట్లనే చేస్తది. జరసేపు ఎండల పెట్టరాదు, వేడైతే అదే లేస్తది."

నేను నవ్వాను. ట్రాక్టర్‌కీ కంప్యూటర్‌కీ పోలికేంటి అనుకున్నాను. కానీ చేయడానికి ఇంకేమీ లేదు. సీపీయూ డబ్బా పక్క మూత విప్పి, షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో, వడియాలు పెట్టినట్టు ఎండలో పెట్టాను. దారిన పోయేవాళ్లు అమ్ముతున్నావా అని అడగడం మొదలుపెట్టారు. టీ కొట్టతను వచ్చి దానికి కూడా ఒక టీ పొయ్యమంటావా అన్నాడు. నలభై నిమిషాలు. లోపలికి తెచ్చి వైర్లు పెట్టి నొక్కాను. ఒక్క నొక్కు. పెద్దాయన నా మొహం కూడా చూడలేదు, "చెప్పలే?" అని తెరవైపు తిరిగి కళ్లజోడు సర్దుకున్నాడు.

ఆ రోజు హడావుడిలో ప్రూఫ్ చూసి పంపేశాం గానీ, నా బుర్రలో అదే తిరుగుతోంది. మదర్‌బోర్డు నిజంగా చచ్చిపోతే ఎండ తగిలితే బతుకుతుందా? మర్నాడు పక్కన మోటార్ వైండింగ్ చేసే అతని దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వచ్చే 24 పిన్నుల గుత్తిలో ఊదా రంగు వైరు ఒకటి ఉంటుంది. గోడ స్విచ్ వేసి ఉంటే చాలు, కంప్యూటర్ ఆన్ చేయకపోయినా అందులో 5 వోల్టులు ఉండాలి. బటన్ నొక్కినప్పుడు బోర్డుకి మెలకువ తెచ్చేది ఆ కరెంటే. అటూ ఇటూ ఐదు శాతం తేడా పర్లేదు, అంటే 4.75 నుంచి 5.25 దాకా. నాది పొద్దున ఏడింటికి 4.2. అదే ఎండలో పెట్టి తెచ్చాక 4.9. అయిపోయింది, దొంగ దొరికాడు.

కారణం కూడా చెప్తాను, చాలామంది మెకానిక్‌లు చెప్పరు. ఎస్‌ఎంపీఎస్ లోపల చిన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి, వోల్టేజీని నిలకడగా ఉంచేవి అవే, వాటిలో తడి పదార్థం ఉంటుంది. వేడికి అది ఏళ్ల తరబడి ఆరిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని లెక్క. రేకుల షాపు, మే నెల, బయట 44 డిగ్రీలు, డబ్బా లోపల ఎంతుంటుందో మీరే చూసుకోండి. అలా ఎండాకాలాల్లో ఆరిపోయిన కెపాసిటర్ చలి తగిలేసరికి ఇంకా మొండికేస్తుంది, వోల్టేజీ నిలబెట్టలేదు, కరెంటు సరిగ్గా ఉందని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకి సైగ పంపదు (బూడిద రంగు వైరు దానికోసమే), సైగ రాకపోతే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగుతుంది. మనం నొక్కిన కొద్దీ అది కాస్త కాస్త వెచ్చబడి ఎనిమిదో సారికి లేస్తుంది. పెద్దాయన ట్రాక్టర్ పోలిక వందకి వంద కరెక్టు కాకపోవచ్చు గానీ, పద్నాలుగు వేలు అడిగిన మెకానిక్ కంటే ఆయనే దగ్గరికొచ్చాడు.

దీంట్లో మా బాపు వాటా కూడా ఉంది. షార్ట్ సర్క్యూట్ భయంతో రోజూ రాత్రి మెయిన్ ఆపేసి గానీ షట్టర్ దించడు. మెయిన్ వేసి ఉంటే ఆ ఊదా వైరు భాగం రాత్రంతా వెచ్చగా ఉంటుంది, ఆపేస్తే మొత్తం చల్లబడి పొద్దున మొదటి నుంచి మొదలు. రెండు రాత్రులు ఆపకుండా వదిలి చూశాను, రెండు పొద్దులూ రెండో నొక్కుకే లేచింది. ఆ సంగతి బాపుకి చెప్తే "షాపు కాలిపోతే నీ కంప్యూటర్ ఆర్పుతదా?" అన్నాడు. ఆయన అన్నదీ తప్పు కాదు. అందుకే అది మందు కాదు, కొత్త ఎస్‌ఎంపీఎస్ వచ్చేదాకా కట్టు కట్టడం అంతే.

ఇంకో మాట. తీగముక్కతో ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే అనే పరీక్ష నాకు ఒళ్లు మండిస్తుంది. బరువేమీ పెట్టకుండా ఖాళీ ఎడ్లబండిని తోసి చూసి బండి బాగుంది అన్నట్టు. ఫ్యాన్ తిరగడానికి ఎంత కరెంటు కావాలి? తిరగకపోతే పోయినట్టు లెక్క గానీ, తిరిగితే బాగున్నట్టు కాదు. మీ మెకానిక్ కూడా అదే చేసి ఉంటాడు, రాసిపెట్టుకోండి.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త. సీపీయూ డబ్బాతో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లు చేత్తో పట్టుకుంటే అప్పడంలా తేలిగ్గా ఉంటాయి. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది, స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చూస్తే 10 ఆంపియర్లు. పన్నెండు పదులు నూట ఇరవై వాట్లు. మిగతా వాట్లు ఎక్కడికి పోయాయో అమ్మినవాడినే అడగాలి. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో బరువు చూసి, 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) చూసి కొని బస్సులో పంపాడు. 1,850 రూపాయలు. పద్నాలుగు వేలెక్కడ, ఇదెక్కడ. బిగించేది ఇంతే: నాలుగు స్క్రూలు, 24 పిన్నుల గుత్తి, ప్రాసెసర్ పక్కన ఉండే చిన్న 4 పిన్నుల గుత్తి, హార్డ్ డిస్క్ వైరు. ఆ చిన్న గుత్తి మర్చిపోయి, తెర రాక పావుగంట చెమటలు పట్టాయి నాకు, మీరు మర్చిపోకండి.

పాతది విప్పి బాగుచేద్దామని మాత్రం అనుకోకండి. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకి పైనే నిలవ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు ఉంటుంది. వైండింగ్ చేసే అతనే వద్దన్నాడు, రోజూ కరెంటుతో ఆడుకునే మనిషి.

ఇక మీ సిస్టమ్ విషయం. ముందు ఫైళ్లన్నీ ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, చచ్చే ఎస్‌ఎంపీఎస్ ఒక్కోసారి హార్డ్ డిస్క్‌ని కూడా వెంట తీసుకుపోతుంది. తర్వాత రేపు పొద్దున, ఆన్ చేయకముందే, ఎవరి దగ్గరైనా మల్టీమీటర్ తెచ్చి నల్ల కొస నల్ల వైరుకి, ఎర్ర కొస ఊదా వైరుకి, గుత్తి వెనక వైపు నుంచి పెట్టి చూడండి. పొద్దునే చూడాలి, మధ్యాహ్నం చూస్తే ఏమీ తెలియదు. 4.75 కంటే తక్కువ వస్తే ఎస్‌ఎంపీఎస్ మార్చేయండి. 4.75 నుంచి 5.25 మధ్య వస్తే అప్పుడు బటన్‌ని అనుమానించండి. డబ్బా ముందుండే బటన్ కూడా అరిగిపోతుంది. దాని వైరు తీసి, రీసెట్ బటన్ వైరుని అక్కడ గుచ్చి రీసెట్ నొక్కి చూడండి, పైసా ఖర్చు లేదు. రెండూ బాగుండి కూడా అలాగే చేస్తే అప్పుడు కొత్త ఎస్‌ఎంపీఎస్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి పెట్టి చూడండి, అప్పటికీ లేవకపోతేనే బోర్డు మాట. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో కూడా చూడండి, తల చదునుగా ఉండాలి.

ఫ్యాన్ తిరుగుతూనే ఉండి తెర మాత్రం నల్లగా ఉంటే అది వేరే జబ్బు, సాధారణంగా ర్యామ్. పిల్లల పెన్సిల్ రబ్బరుతో దాని ఇత్తడి రంగు పళ్లు రుద్ది పెట్టండి. టైమ్ వెనక్కి పోతుంటే బోర్డు మీది 2032 బిళ్ల బ్యాటరీ, అది ఏ గడియారాల షాపులోనైనా దొరుకుతుంది. దానికీ మీ సమస్యకీ సంబంధం ఉండకపోవచ్చు గానీ మూత ఎలాగూ విప్పారు కదా, మార్చేయండి. బల్లి ఉందేమో కూడా చూసుకోండి, నవ్వకండి, మా పక్క ఇంటర్నెట్ సెంటర్‌లో ఎస్‌ఎంపీఎస్ బల్లి వల్లే పోయింది.

ఆ పెళ్లికి నన్నూ పిలిచారు, వెళ్లాను. పెద్దాయన అందరికీ "మా కార్డు కొట్టిన తమ్మి, కంప్యూటర్‌ను ఎండబెట్టిండు" అని చూపించాడు. భోజనాలు బాగున్నాయి. కానీ ఆ పొద్దున హడావుడిలో కార్డులో పిల్ల మేనమామ పేరు తప్పిపోయింది, ప్రూఫ్‌లో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. ఆ మేనమామ ఇప్పటికీ జిరాక్స్‌కి వస్తే కాగితాలు కౌంటర్ మీద పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడతాడు.