వీడియోలో చూసిన ప్రతి బొమ్మా కావాలంటున్న ఆరేళ్ల బాబు గురించి

నమస్తే అండి. బొమ్మల పెట్టెలు విప్పే వీడియోలు చూసి, మీ ఆరేళ్ల బాబు ప్రతిదీ కావాలని ఏడుస్తున్నాడని రాశారు. ముందు ఒక మాట, వాడిది మొండితనం కాదు. ఇలాంటి వీడియోలు చాలాసార్లు ఒకరకం ప్రకటనలే. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల్లో చాలామందికి, ప్రకటన అంటే మనచేత కొనిపించడానికి చేసేదని అర్థం కాదు. కెనడాలోని క్యుబెక్‌లో 1980 నుంచి 13 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలపై నిషేధం ఉంది. పైగా ఆ వీడియోల్లో మాట్లాడేది సాటి పిల్లాడు. మీవాడికి అది స్నేహితుడు చెప్పే కబురులాగే వినిపిస్తుంది.

తిట్టి ఫోన్ లాక్కోకండి, పక్కన కూర్చుని చూడండి. "ఈ బొమ్మ ఆ బాబుకి ఎవరిచ్చారు? ఎందుకిచ్చారు?" అని అడగండి. కారు దానంతటదే పరిగెడుతోందా, ఎవరి చెయ్యైనా తోస్తోందా, పెద్దగా కనపడాలని బాగా దగ్గర నుంచి తీశారా అని ఇద్దరూ కలిసి వెతకండి. మా పాపకి ఇది దొంగను పట్టుకునే ఆటైపోయింది, నాకైతే ఎంత ఊరట కలిగిందో!

అడిగిన బొమ్మ పేరు కాగితం మీద రాయించి, రెండు వారాలయ్యాక మళ్లీ చూడమనండి. కొన్ని పేర్లు వాడే కొట్టేస్తాడు. ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లేని ఈరోజే ఆపేయండి. ఏడుస్తున్నప్పుడు మాత్రం కొనకండి, ఏడిస్తే వస్తుందని ఒక్కసారికే నేర్చుకుంటారు.