పెట్టెలో ఏది, చేతిలో ఏది?

విదేశీ ప్రయాణానికి సామాను సర్దుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంది. మావారిది 30,000. రెండూ సూట్‌కేసులో బట్టల మధ్య పెడితే భద్రంగా ఉంటాయి కదా?

జవాబు: ఉండవు. అసలు సూట్‌కేసులో పవర్ బ్యాంక్ పెట్టనే కూడదు. లిథియం సెల్లు లోపల షార్టయితే దానంతట అదే వేడెక్కుతుంది, ఆ వేడికి పక్క సెల్లూ అంటుకుంటుంది. పైన క్యాబిన్‌లో అయితే పొగ కనబడగానే సిబ్బంది నీళ్లు పోసి చల్లారుస్తారు. కింద సామాన్ల అరలోకి వెళ్లేవాళ్లెవరూ ఉండరు. అక్కడ వదిలే హాలాన్ వాయువు మంటను అణచగలదు గానీ, సెల్లు లోపల పుట్టే వేడిని ఆపలేదు. బట్టల మధ్య పెడితే ఆ వేడికి మంచి మేత దొరికినట్టే.

ఎంత సామర్థ్యం దాకా తీసుకెళ్లొచ్చన్నది వాట్-అవర్లలో లెక్కిస్తారు. ఎంఏహెచ్‌ను 1000తో భాగించి వోల్టులతో గుణించండి. మీది 20 × 3.7, అంటే 74. మీవారిది 30 × 3.7, అంటే 111. సాధారణంగా 100 దాకా ఎవరినీ అడగక్కర్లేదు. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ ముందుగా ఒప్పుకోవాలి, అదీ మనిషికి రెండే. 160 దాటితే కుదరదు. చాలామంది ఇక్కడ పొరబడతారు: యూఎస్‌బీ దగ్గర రాసి ఉండే 5 వోల్టులతో గుణించేస్తారు. లెక్కకు రావలసింది లోపలి సెల్లు వోల్టేజీ, 3.6 లేదా 3.7. పవర్ బ్యాంక్ మీద అంకెలు అరిగిపోయి ఉంటే తనిఖీలో తీసేసుకోవచ్చు, కాబట్టి అలాంటిది ఇంట్లోనే వదిలేయండి. కొన్ని ఎయిర్‌లైన్లు ఇంతకన్నా కఠినంగా ఉన్నాయి: విమానంలో దాన్ని వాడనివ్వవు, పై అరలో పెట్టనివ్వవు. బయల్దేరే వారంలో మీ ఎయిర్‌లైన్ నిబంధనలు మళ్లీ ఒకసారి చూడండి.

ఇంకో చిక్కుంది. విమానం నిండితే గేటు దగ్గరే మీ క్యాబిన్ బ్యాగ్ తీసుకుని కిందికి పంపేస్తారు. వెనక వరుస ఆగి ఉంటుంది, మీరు జిప్పులు తీసి పవర్ బ్యాంక్ కోసం వెతుకుతుంటారు. అందుకని పవర్ బ్యాంకు, మందులు, పాస్‌పోర్టు, ఇంటి తాళాలు ఒక చిన్న సంచిలో వేసి, దాన్ని క్యాబిన్ బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టండి. బ్యాగ్ అడిగితే ఆ సంచి లాగేసుకుని మిగతాది ఇచ్చేయడమే.

ప్రశ్న: అమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంది, బీపీ మాత్రలూ ఉన్నాయి. దగ్గుమందు కూడా పెట్టుకుందామనుకుంటున్నాం. ఎలా సర్దాలి?

జవాబు: ఇన్సులిన్ మొత్తం చేతిసంచిలోనే. సామాన్ల అరలో అది గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనితనం పోతుంది, పారేయాల్సిందే. చల్లటి సంచిలో పెట్టేటప్పుడు కూడా ఐసు ప్యాకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. చేతిసంచిలో ద్రవాల సీసా ఏదీ 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం ప్రయాణంలో అవసరమయ్యే ద్రవ మందులకు సాధారణంగా వర్తించదు, కానీ తనిఖీ దగ్గర వాళ్లు అడగకముందే బయటికి తీసి చూపించండి.

మాత్రలను రోజువారీ డబ్బాలోకి ఇప్పుడే మార్చకండి, చేరాక మార్చుకోవచ్చు. స్ట్రిప్పును కత్తిరిస్తే పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద పడతాయి. చేతిలో మిగిలిన నాలుగు మాత్రలు ఏమిటో అధికారికే కాదు, మీకే చెప్పడం కష్టం. డాక్టరు చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు, మోతాదు, రోగి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ప్రయాణం రోజులకు ఇంకో వారం కలిపి తీసుకెళ్లండి. సమయం మారే దేశానికైతే ఇన్సులిన్ వేళలు ఎలా జరపాలో డాక్టరును ముందే అడగండి.

ఇక దగ్గుమందు. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది దీని దగ్గరే. కోడీన్, ట్రమడాల్ ఉన్న మందులకు యూఏఈలో నియంత్రణ ఉంది. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. సీసా వెనక సన్నక్షరాల్లో ఉన్న పేర్లను ఆ దేశపు అధికారిక జాబితాతో పోల్చి చూడండి. అనుమానం ఉంటే వదిలేయండి.

ప్రశ్న: పాస్‌పోర్టు గడువు ఇంకో నాలుగు నెలలుంది. సరిపోతుందా?

జవాబు: చాలా దేశాలకు సరిపోదు, ఆరు నెలలు అడుగుతాయి. యూరప్‌లోని షెంజెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగలిగేవి) తిరిగి బయల్దేరే తేదీ తర్వాత మూడు నెలలుండాలి, పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయ్యుండాలి. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, ధ్రువపత్రం చెల్లేది పదో రోజు నుంచే.

ప్రశ్న: 200 మి.లీ. షాంపూ సీసాలో సగమే ఉంది. చేతిసంచిలో పెట్టొచ్చా?

జవాబు: లేదు. చూసేది సీసా పరిమాణాన్ని, లోపల ఎంతుందన్నది కాదు. చిన్న సీసాలోకి పోసుకుని, ద్రవాలన్నీ ఒక లీటరు పారదర్శక సంచిలో పెట్టండి. కొన్ని విమానాశ్రయాలు ఈ నియమం సడలించాయి గానీ, మధ్యలో మారే చోట సడలించి ఉండకపోవచ్చు. పెట్టెలో పెట్టే సీసాలకు మూత కింద ప్లాస్టిక్ ముక్క వేసి, మూసేముందు కాస్త నొక్కి గాలి తీసేయండి. పైకెళ్లాక ఒత్తిడి తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఆ తోపుడికే షాంపూ బయటికొస్తుంది.

ప్రశ్న: పెట్టె రాకపోయినా, చక్రం విరిగొచ్చినా ఏం చేయాలి?

జవాబు: బెల్టు దగ్గర నుంచి కదలకండి. అక్కడి సామాను కౌంటర్లో ఫిర్యాదు రాయించి, దాని నంబరు తీసుకున్నాకే బయటికి రండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న పెట్టెకు అందిన 7 రోజుల్లోగా, ఆలస్యమైనదానికి అది చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు దాటితే పరిహారం అడిగే హక్కు పోయినట్టే. సర్దడం అయ్యాక, మూత మూయకముందు పైనుంచి ఒక ఫొటో, మూశాక బయటినుంచి ఒకటి తీసుకోండి. "నల్ల పెట్టె" అంటే కౌంటర్లో ఏ పెట్టెనీ గుర్తుపట్టలేరు.

ప్రశ్న: ప్లగ్ అడాప్టర్ ఉంటే హెయిర్ డ్రయ్యర్ ఎక్కడైనా వాడొచ్చా?

జవాబు: అడాప్టర్ కాళ్ల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఫోన్ చార్జరు మీద 100–240 అని ఉంటుంది, దానికి భయం లేదు. డ్రయ్యర్ మీద 120 మాత్రమే ఉండి 230 ఉన్న చోట గుచ్చితే దాదాపు నాలుగింతల కరెంటు శక్తి లాగి కాలిపోతుంది. 230ది 120కి పెడితే గోరువెచ్చటి గాలి వస్తుంది, అంతే.