ఓజోన్ మనిషికి ఎంత తగులుతోందో మానిటర్ ఒక్కటే చెప్పలేదు

అనంతపురంలో గాలిని కొలిచే ఒక మానిటర్ చూపించే ఓజోన్ (ఊపిరికి చేటు చేసే వాయువు) అంకెను ఊరందరికీ వర్తించేదిగా ప్రాజెక్టులో రాయొచ్చా అని అడిగారు. వద్దండీ. ఎమ్మెస్సీలో నేనూ అదే రాయబోయి ఆగాను.

ఓజోన్ పొగగొట్టంలోంచి నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిరి లాంటివి ఎండలో కలిసి తయారవుతుంది. అందుకే పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. పైగా క్లాక్ టవర్ లాంటి రద్దీ చోట, బండ్లు వదిలే ఆ ఆక్సైడ్లలో ఒకటైన నైట్రిక్ ఆక్సైడే ఓజోన్‌ను అక్కడికక్కడ తినేస్తుంది. ఊరి బయటే ఎక్కువ ఉండొచ్చు. తలుపులు మూసిన ఇంట్లో గోడలకూ బట్టలకూ తగిలి విరిగిపోతుంది. కాబట్టి మనిషి ఏ గంటలో ఎక్కడున్నాడో తెలియకుండా లెక్క తేలదు.

అందుకే ఒక్కో మనిషికి తగిలే ఓజోన్‌ను కొలవడానికి మేం చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జీలు వాడాం. లోపల నైట్రైట్ అనే లవణం పూసిన కాగితం ఉంటుంది, ఓజోన్ తగిలితే అది నైట్రేటుగా మారుతుంది. ల్యాబులో ఆ నైట్రేటును కొలుస్తారు. కలింగర పండ్ల బండి పెట్టుకునే ఒక పెద్దాయనకూ ఒకటి పెట్టాం. రోజంతా ఎండలో నిలబడే మనిషి, అయినా రీడింగ్ తక్కువ వచ్చింది. నాకైతే టెన్షన్. ఇంకో బ్యాడ్జీ పెట్టి మర్నాడు వెళ్లి చూస్తే భుజం మీది టవలు బ్యాడ్జీని కప్పేసి ఉంది. "ఎండకు చెడిపోతాదేమోనని నేనే కప్పినా నాయనా" అన్నాడు. మన వస్తువును అంత భద్రంగా చూసుకున్నందుకు మనసు కదిలింది, కానీ గుడ్డ ఓజోన్‌ను పీల్చేసుకుంటుందని మేం ముందే చెప్పాల్సింది. బ్యాడ్జీ ముఖానికి దగ్గరగా, ఏమీ కప్పకుండా ఉండాలి. తెరవని బ్యాడ్జీ ఒకటి కూడా తిప్పి తెచ్చి ల్యాబుకివ్వండి, ఓజోన్ తగలకుండానే ఎంత నైట్రేటు ఉందో దాంతో తెలుస్తుంది; అది లేకపోతే ఫలితాన్ని నమ్మలేం.

ఏ గంటలో ఎక్కడున్నారో డైరీ కూడా రాయించాలి. గంటలు అడిగితే ఆయన చెప్పలేకపోయాడు. "బడి వదిలినప్పుడు", "నీడ బండి మీదికి వచ్చినప్పుడు" అనేవాడు. వాటిని మేమే గంటల్లోకి మార్చుకున్నాం, బాగానే కుదిరింది.

బ్యాడ్జీ ఇచ్చేది పెట్టుకున్నంత సేపటికి సగటు మాత్రమే. మన దేశ ప్రమాణం ఎనిమిది గంటల సగటుకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. 24 గంటలు పెట్టిన బ్యాడ్జీని దానితో పోల్చకండి, రాత్రి గంటలు సగటును కిందికి లాగేస్తాయి. పొద్దున తొమ్మిదిన్నరకు పెట్టి సాయంత్రం అయిదున్నరకు తీసేయండి. అంత తక్కువ సేపట్లో ఏర్పడే నైట్రేటును తాము కొలవగలరో లేదో ల్యాబు వాళ్లను ముందే అడగండి.