పైలట్ కావాలంటే సబ్‌మెరైన్‌కి పిలిచారు

ప్రశ్న: మా అన్నయ్య వాళ్లబ్బాయి అమెరికాలోని అనాపొలిస్ నేవల్ అకాడమీలో చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఏవియేషన్ కోరుకుంటే సబ్‌మెరైన్ ఇంటర్వ్యూకి రమ్మన్నారట. కాదనొచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇష్టాలు రాయించుకుంటారు గానీ, ఆఖరి మాట నేవీ అవసరాలదే. సబ్‌మెరైన్లకు ముందుకొచ్చేవాళ్లు చాలకపోతే లెక్కలు, ఫిజిక్సు బాగా వచ్చినవాళ్ల మీదే కన్ను పడుతుంది. బాగా చదివినందుకా ఈ శిక్ష అనిపిస్తే తప్పులేదు! వాషింగ్టన్‌లో జరిగే ఇంటర్వ్యూలో ముందు ఇంజినీర్లు కాల్‌క్యులస్, ఫిజిక్సు అడుగుతారు. తర్వాత సబ్‌మెరైన్లను నడిపే అణు రియాక్టర్లను చూసే న్యూక్లియర్ విభాగం అధిపతి అయిన అడ్మిరలే స్వయంగా మాట్లాడతారు. చాలామంది సూత్రం వచ్చినా, లెక్క చేస్తూ పైకి వివరించడం రాక తడబడతారు. అది సాధన చెయ్యమనండి. కావాలని ఇంటర్వ్యూలో తప్పితే ఏవియేషన్ దక్కుతుందన్న హామీ లేదు, ఆ ఆలోచన మానిపించండి. ఎంపికైతే దక్షిణ కరోలినాలో గూస్‌క్రీక్‌లో సుమారు 6 నెలలు థియరీ, మరో 6 నెలలు రియాక్టర్ మీద శిక్షణ, ఆపై కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రోటన్‌లో సబ్‌మెరైన్ కోర్సు.